నీటితో నడిచే కారు: ప్రత్యామ్నాయ ఇంధన వాదనలు – ప్రమాణ పరిశీలన

వ్యాససంగ్రహం:

నీటితో నడిచే కారు, మూలికలతో తయారయ్యే పెట్రోల్, గాలితో పరుగెత్తే వాహనం వంటి ప్రకటనలు కొన్నేళ్లకోసారి కొత్త పేర్లతో ప్రచారంలోకి వస్తుంటాయి. వీటిలో కొన్ని ప్రకృతి నియమాలకే విరుద్ధమైనవి. మరికొన్ని వాస్తవం మీద అతిశయోక్తిని పేర్చినవి. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే మోసాన్ని నమ్మే ప్రమాదం ఒకవైపు, నిజమైన పరిశోధనను తోసిపుచ్చే ప్రమాదం మరొకవైపు పొంచి ఉంటాయి. భారతీయ తర్కశాస్త్రం చెప్పిన ప్రత్యక్ష, అనుమాన, శబ్ద ప్రమాణాలను ఆధారంగా చేసుకుని, దక్షిణ భారతదేశంలోను ఇతర దేశాల్లోను జరిగిన ఉదంతాలను పరిశీలిస్తూ, ఇటువంటి వాదనలను పరీక్షించే పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రత్యామ్నాయ ఇంధనం, శక్తి నిత్యత్వం, హైడ్రోజన్, మూలికా పెట్రోల్, అడవి ఆముదం, ఇథనాల్, శాస్త్రీయ దృక్పథం, ప్రమాణం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాద్ ఉత్తర శివారులోని కండ్లకోయ వద్ద నాగపూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కలుస్తాయి. ఆ వలయంలో చివరిగా పూర్తయి 2018లో వాహనాలకు తెరుచుకున్న భాగం ఈ కండ్లకోయ కూడలే. ఒకవైపు రక్షిత అటవీ భూమిలోని ఆక్సిజన్ పార్కు, మరొకవైపు ఇంజనీరింగ్ కళాశాలలు, వాటి మధ్య పగలూ రాత్రీ ఆగని లారీలు, కార్లు. ఇంధన సమస్య ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఈ కూడలిలో కొద్దిసేపు నిలబడితే చాలు.

సమస్య అంత పెద్దది కాబట్టే సులభ పరిష్కారం మీద ఆశ కూడా అంతే పెద్దది. పెట్రోల్ ధర పెరిగిన ప్రతిసారీ ఎక్కడో ఒక మెకానిక్ నీటితో బండి నడిపాడన్న వార్త వస్తుంది. ఆ వార్తను చదివిన విద్యార్థి దానిని ప్రాజెక్టుగా ఎంచుకోవాలనుకుంటాడు; వాహనదారుడు కిట్ కొనాలనుకుంటాడు; మదుపరి డబ్బు పెట్టాలనుకుంటాడు. ముగ్గురూ వచ్చి అడిగేది అధ్యాపకుణ్ణే. “అది అసాధ్యం” అన్న ఒక్క మాట వారికి సమాధానం కాదు. ఎందుకు అసాధ్యమో, ఎంతవరకు సాధ్యమో లెక్కతో చూపగలగాలి.

2. నీరు ఇంధనం కాదు, బూడిద:

కట్టె కాలితే బూడిద మిగులుతుంది. ఆ బూడిదను మళ్లీ పొయ్యిలో పోసి అన్నం వండలేము. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి కాలినప్పుడు మిగిలే పదార్థం నీరు. రసాయన దృష్టితో చూస్తే నీరు హైడ్రోజన్ బూడిద. దానిలోని హైడ్రోజన్‌ను తిరిగి విడదీయాలంటే అది కాలినప్పుడు వెలువడినంత శక్తిని మళ్లీ పెట్టవలసిందే. శక్తి నిత్యత్వ నియమం చెప్పేది ఇదే.

దీనిని ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లలో, అంటే కిలోవాట్-గంటల్లో చెప్పుకుంటే సులభంగా అర్థమవుతుంది. ఒక లీటరు నీటిలో సుమారు 111 గ్రాముల హైడ్రోజన్ ఉంటుంది. దానిని విడదీయడానికి సిద్ధాంతరీత్యా కనీసం 4.4 యూనిట్ల శక్తి కావాలి. ఇంజన్‌లో కాల్చి, ఆవిరి రూపంలో వదిలేస్తే తిరిగి వచ్చేది సుమారు 3.7 యూనిట్ల వేడి మాత్రమే. లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తి సుమారు 9 యూనిట్లు. ఈ అంకెల నుండి గమనార్హమైన ఒక విషయం తేలుతుంది. హైడ్రోజన్‌ను విడదీయడం పూర్తిగా ఉచితమని ఒక్క క్షణం ఒప్పుకున్నా, లీటరు నీటి నుండి వచ్చే శక్తి లీటరు పెట్రోల్ శక్తిలో సగానికి కూడా చేరదు. అలాంటప్పుడు “లీటరు నీటితో వందల కిలోమీటర్లు” అన్న ప్రకటన నియమాన్నే కాదు, సామాన్య గణితాన్ని కూడా దాటిపోతున్నది.

కారులోనే విద్యుత్తు తయారుచేసి, దానితో నీటిని విడదీసి, ఆ వాయువును ఇంజన్‌లోకి పంపి మైలేజీ పెంచుతామనే కిట్‌ల సంగతి కూడా ఇలాగే చూడవచ్చు. పెట్రోల్‌లోని 100 పాళ్ల శక్తిలో ఇంజన్ పనిగా మార్చగలిగేది సుమారు 28 పాళ్లు. ఆ పని మొత్తాన్నీ ఆల్టర్నేటర్‌కు ఇచ్చినా విద్యుత్తుగా మారేది 15 పాళ్లు. దానితో నీటిని విడదీస్తే హైడ్రోజన్‌లో నిలిచేది 10 పాళ్లు. దానిని తిరిగి అదే ఇంజన్‌లో కాల్చితే చక్రానికి చేరేది 3 పాళ్లు. అంటే 28 పాళ్ల పనిని ఇచ్చి 3 పాళ్లను తీసుకోవడం. ప్రతి మెట్టులోనూ నష్టమే తప్ప లాభం ఎక్కడా లేదు.

3. న్యాయస్థానాలకు చేరిన నీటి కార్లు:

అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన స్టాన్లీ మేయర్ తన బగ్గీ వాహనం నీటితో నడుస్తుందని ప్రకటించి మదుపరులను ఆకర్షించాడు. వారిలో ఇద్దరు కేసు పెట్టగా, నిపుణులు అతని పరికరాన్ని పరిశీలించి అది సాధారణ విద్యుద్విశ్లేషణ తప్ప మరేమీ కాదని తేల్చారు. 1996లో న్యాయస్థానం దానిని మోసంగా నిర్ధారించి, 25,000 డాలర్లను తిరిగి చెల్లించమని ఆదేశించింది. 1998లో మేయర్ మరణించడంతో, చమురు కంపెనీలే అతణ్ణి అంతం చేశాయనే కథ పుట్టింది. నేటికీ అతని పేరు బతికి ఉన్నది ఆ కథ వల్లనే. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు నీటి కారు గురించి ప్రచారం చేసుకున్న డేనియల్ డింగెల్‌కు 2008లో మోసం కేసులో శిక్ష పడింది. జపాన్‌లో జెనెపాక్స్ అనే సంస్థ అదే 2008లో ఒసాకాలో నీటితో నడిచే కారును ప్రదర్శించి, మరుసటి ఏడాదికల్లా మూతపడింది. 2012లో పాకిస్తాన్‌లో ఆఘా వకార్ అహ్మద్ చూపిన ‘వాటర్ కిట్’కు కొందరు మంత్రులు, ప్రముఖులు సైతం మద్దతు పలికారు. ఆ దేశపు భౌతికశాస్త్రవేత్తలు పత్రికల్లో, టెలివిజన్ చర్చల్లో దానిని ఖండించవలసి వచ్చింది.

దేశాలు, భాషలు వేరైనా ఈ ఉదంతాల నడక ఒకటే. మొదట బహిరంగ ప్రదర్శన, తరువాత ప్రముఖుల ప్రశంస, ఆపైన పరికరాన్ని విప్పి చూపడానికి నిరాకరణ, చివరకు కుట్ర జరిగిందన్న ఆరోపణ.

4. ప్రత్యక్షం ఎందుకు చాలదు? – మూలికా పెట్రోల్ ఉదంతం:

తెలుగువారి పొరుగున జరిగిన ఉదంతాల్లో అత్యంత ప్రసిద్ధమైనది రామర్ పిళ్లై మూలికా పెట్రోల్. తమిళనాడులో రాజపాళయం సమీప గ్రామానికి చెందిన ఇతడు 1996లో ఒక మొక్క ఆకులను నీటిలో మరిగించి, కొన్ని సాధారణ పదార్థాలు కలిపి, పెట్రోల్ వంటి ద్రవాన్ని తీస్తానని ప్రకటించాడు. శాస్త్రవేత్తల ఎదుటే ప్రదర్శన చేశాడు. ద్రవం నిజంగానే మండింది, ఇంజన్ నిజంగానే నడిచింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ స్థాయిలో కూడా తొలుత ఆసక్తి వ్యక్తమైంది. తరువాతి పరీక్షల్లో వాదన నిలవలేదు. కలియబెట్టే కడ్డీ లోపల బోలుగా ఉన్నదని, దానిలో ముందే పెట్రోలియం ద్రవం నింపి కొనను మైనంతో మూశారని, వేడినీటిలో మైనం కరిగి ద్రవం పైకి తేలిందని శాస్త్రవేత్తలు వివరించారు.

కథ అక్కడితో ముగియలేదు. ఆ తరువాత కొన్నేళ్లకు చెన్నైలో విక్రయ కేంద్రాలు వెలిశాయి. అమ్మకపు హక్కుల కోసం ప్రజలు డబ్బు కట్టారు. 2000లో సి.బి.ఐ. కేసు నమోదైంది. అమ్మినది నాఫ్తా, టోలుయీన్ వంటి పెట్రోలియం ద్రావకాల మిశ్రమమని దర్యాప్తు సంస్థ వాదించింది. 2016 అక్టోబరులో చెన్నై మేజిస్ట్రేట్ న్యాయస్థానం మూడేళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. ప్రదర్శనకూ తీర్పుకూ మధ్య 20 ఏళ్లు గడిచాయి.

ఈ ఉదంతంలో ప్రత్యక్ష ప్రమాణం లోపించలేదు. చూసినవారందరూ మండే ద్రవాన్నే చూశారు. లోపించినది అనుమాన ప్రమాణం, అంటే చూసినదాని వెనుక ఉండవలసిన హేతువును లెక్కించడం. ఆ లెక్క కష్టమైనది కాదు. లీటరు పెట్రోల్ బరువు సుమారు 740 గ్రాములు. దానిలో 630 గ్రాములకు పైగా కార్బన్. నీటిలో కార్బన్ లేదు. కనుక అదంతా ఆకుల నుండే రావాలి. ఎండుటాకు బరువులో కార్బన్ సగానికి కొంచెం తక్కువ. ఒక్క గ్రాము కూడా వృథా కాకుండా మొత్తం కార్బన్ పెట్రోల్‌గా మారినా లీటరుకు దాదాపు 1.4 కిలోల ఎండుటాకు కావాలి. పచ్చి ఆకులైతే అంతకు కొన్ని రెట్లు. గుప్పెడు ఆకులు వేసిన పాత్రలో అంతకు మించి ఇంధనం కనిపిస్తే అది ఆకుల నుండి వచ్చినది కాదని కడ్డీని విప్పకుండానే చెప్పవచ్చు. మోసం ఎలా జరిగిందో కనిపెట్టడం గారడీ తెలిసినవారి పని. జరగవలసిన లెక్క జరగలేదని చూపడం శాస్త్రం పని. రెండవదానికి మొదటిది తెలియనక్కరలేదు.

5. దాగి ఉన్న ఇంధనం:

అన్ని వాదనలూ గారడీలు కావు. కొన్నింటిలో వాహనం నిజంగా నడుస్తుంది, అయితే ఇంధనం వేరే చోట ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని సాగర్‌కు చెందిన ఒక మెకానిక్ నీరు, కాల్షియం కార్బైడ్‌లతో కారు నడిపిన వార్త కొన్నేళ్ల క్రితం దేశమంతా వ్యాపించింది. ‘నీటి కారు’ అన్న శీర్షిక వల్ల చదువరి దృష్టి నీటి మీద నిలిచింది గాని కార్బైడ్ మీద నిలవలేదు. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడి నిషేధానికి గురైనది ఈ కార్బైడే. దానిపై నీరు పడితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది. ఇంజన్‌లో మండేది అదే. కార్బైడ్‌ను సున్నం, కోక్ బొగ్గు కలిపి విద్యుత్ కొలిమిలో సుమారు 2000 డిగ్రీల వేడిలో తయారుచేస్తారు. ఆ కొలిమి తాగిన కరెంటు, కోక్‌లోని కార్బన్ కలిసి కారును నడుపుతున్నాయి. అల్యూమినియం, నీటితో నడిచే బండి విషయమూ ఇంతే. కిలో అల్యూమినియం తీయడానికి 13 నుండి 15 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఈ నీటి కార్లలో నీటి పాత్ర అంత.

సంపీడిత గాలి కారు వాదన మరొక రకం. ఫ్రాన్స్‌కు చెందిన ఎం.డి.ఐ. సంస్థతో టాటా మోటార్స్ 2007లో ఒప్పందం చేసుకున్నప్పుడు గాలితో నడిచే కారు త్వరలో మన రోడ్ల మీదకు వస్తుందన్న ఆశ బలపడింది. వాతావరణ పీడనానికి 300 రెట్ల ఒత్తిడితో 300 లీటర్ల ట్యాంకులో నింపిన గాలి నుండి సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా తీయగలిగేది 12 యూనిట్ల పని. చిన్న విద్యుత్ కారు బ్యాటరీలో 25, 30 యూనిట్లు ఉంటాయి. పైగా గాలి వ్యాకోచించేటప్పుడు చల్లబడి ఆ 12 యూనిట్లలోనూ చెప్పుకోదగిన భాగం చేజారుతుంది. తేలికైన బండిని కొంత దూరం నడపడం అసాధ్యం కాదు. కుటుంబమంతా కూర్చుని వందల కిలోమీటర్లు వెళ్లడం మాత్రం ఆ లెక్కకు అందదు. భారత రోడ్ల మీదకు ఆ కారు విక్రయానికి రాలేదు.

6. అబద్ధం కాదు, అతిశయోక్తి:

ప్రభుత్వాలు, పరిశోధన సంస్థలు ప్రోత్సహించిన పథకాలకూ ఇదే కొలమానం వర్తించాలి. 2003లో ప్రణాళికా సంఘం జీవ ఇంధన నివేదిక అడవి ఆముదం సాగును పెద్ద ఎత్తున సూచించింది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. డీజిల్‌లో జీవ డీజిల్ వాటా ఒక శాతానికి కూడా చేరలేదు. 2018 విధానం ఆ లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి తగ్గించింది. కారణం మోసం కాదు. ‘బంజరు భూమిలో నీళ్లు లేకుండా పెరుగుతుంది’ అన్న వాక్యాన్ని ‘నీళ్లు లేకుండా దిగుబడి ఇస్తుంది’ అని చదువుకోవడం. మొక్క బతకడం వేరు, గింజలో నూనె నిండడం వేరు. రెండింటి మధ్య తేడాను భరించినవాడు మెట్ట రైతు.

దీనికి భిన్నంగా, ఆదిలాబాద్ ఏజెన్సీలోని పవర్‌గూడ గ్రామంలో గిరిజన మహిళా సంఘాలు కానుగ నూనె ఆధారంగా 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు విక్రయించాయి. పరిమాణం చిన్నది. అయితే వాదన కూడా అంతే చిన్నది. దేశపు డీజిల్ అవసరం తీరుస్తామని ఎవరూ అనలేదు. కొలిచినంతే చెప్పారు.

ఇథనాల్ విషయంలోనూ యూనిట్ల లెక్క ఉపయోగపడుతుంది. లీటరు ఇథనాల్‌లో సుమారు 6 యూనిట్ల శక్తి ఉంటుంది. పెట్రోల్‌లో 20 శాతం కలిపితే లీటరు మిశ్రమంలో 9కి బదులు 8.4 యూనిట్లు మిగులుతాయి. అంటే 6 నుండి 7 శాతం తగ్గుదల. పాత పెట్రోల్ కోసం రూపొందిన కార్లలో మైలేజీ దాదాపు ఇంతే తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా అంచనా వేసింది. కాబట్టి మైలేజీ ఏమాత్రం తగ్గదన్న మాటా నిజం కాదు, సగానికి పడిపోతుందన్న ప్రచారమూ నిజం కాదు. నీటి వినియోగం, కాలుష్యం గురించి నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ పరిశ్రమల మీద లేవనెత్తిన ప్రశ్నలు ఈ లెక్కలో కనిపించని మరొక ఖర్చును గుర్తుచేస్తాయి.

7. షామీర్‌పేట పాఠం:

నిజమైన ప్రత్యామ్నాయం ఎలా వస్తుందో చూడాలంటే కండ్లకోయ నుండి వలయ రహదారి మీద షామీర్‌పేట వరకు వెళితే చాలు. గెయిల్, హిందుస్తాన్ పెట్రోలియం సంస్థలు 2003లో ఉమ్మడిగా స్థాపించిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ మదర్ స్టేషన్ అక్కడ ఉంది. గొట్టపు మార్గంలో వచ్చిన సహజ వాయువును అక్కడ యంత్రాలతో కుదించి, సిలిండర్ల వాహనాల్లో నగరంలోని బంకులకు పంపుతారు. ఇందులో అద్భుతం లేదు. బావి, గొట్టం, కంప్రెసర్, సిలిండర్ ఎక్కడున్నాయో చూపవచ్చు. లోపలికి వచ్చినదెంతో, బయటకు వెళ్లినదెంతో తూచవచ్చు.

ఇక్కడ కూడా జాగ్రత్త అవసరమే. ‘కిలో గ్యాస్‌కు మైలేజీ ఎక్కువ’ అన్నప్పుడు పోలుస్తున్నది కిలోను లీటరుతో. కిలో సహజ వాయువులో సుమారు 13.5 యూనిట్లు, అంటే లీటరున్నర పెట్రోల్‌తో సమానమైన శక్తి ఉంటుంది. కొలమానం మారితే సామాన్యమైనదే అసామాన్యంగా కనిపిస్తుంది.

హైడ్రోజన్ పట్ల కూడా ఇదే సమతూకం కావాలి. 2022 మార్చిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ కారులో పార్లమెంటుకు వచ్చారు. ఆ కారు నీటితో నడవదు. దాని పొగగొట్టం నుండి నీరు వస్తుంది. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్, 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో శంకుస్థాపన జరిగిన హబ్ – ఇవి హైడ్రోజన్‌ను శక్తి వనరుగా కాక శక్తి వాహకంగా తీసుకున్న ప్రయత్నాలు. కిలో హైడ్రోజన్ తయారీకి 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తు కావాలి. దానితో కారు సుమారు 100 కిలోమీటర్లు వెళుతుంది. అదే విద్యుత్తును నేరుగా బ్యాటరీ కారుకు ఇస్తే 300 కిలోమీటర్లు దాటుతుంది. ఈ లెక్క హైడ్రోజన్‌ను కొట్టివేయదు. ఎరువులు, ఉక్కు, భారీ రవాణా వంటి ఏ పనులకు అది తగినదో ఆలోచించమంటుంది.

బ్యాటరీ వాహనాలకు కూడా మినహాయింపు లేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇళ్లలో విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి మరణాలు సంభవించాయి. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను సవరించింది. వాదన ఎంత సబబైనదైనా పరీక్ష సడలితే మూల్యం ప్రాణాల్లో ఉంటుందని ఈ సంఘటనలు హెచ్చరిస్తున్నాయి.

8. వాదనను పరీక్షించే ప్రశ్నలు:

పై ఉదంతాల నుండి అధ్యాపకులు, పరిశోధకులు ఉపయోగించదగిన కొన్ని ప్రశ్నలను క్రోడీకరించవచ్చు.

(అ) శక్తి ఎక్కడి నుండి వస్తున్నది? నీరు, గాలి అన్నవి సమాధానాలు కావు. నీటిని విడదీసినది, గాలిని కుదించినది ఏదో చెప్పాలి.

(ఆ) మొత్తం ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటకు వచ్చింది? బరువు, శక్తి రెండింటికీ లెక్క కావాలి. వాహనం కదలడం లెక్కకు బదులు కాదు.

(ఇ) పరీక్షను ఎవరు నిర్వహించారు? పాత్ర, కడ్డీ, నీరు, ట్యాంకు పరీక్షకులవై ఉండాలి. ఆవిష్కర్త చేయి తాకకుండా ఫలితం రావాలి.

(ఈ) ప్రశంసించినవారి మాట ఏ రంగంలో ప్రమాణం? శబ్ద ప్రమాణం ఆప్తునికే చెల్లుతుంది. మంత్రి, నటుడు, పత్రికా విలేఖరి ఈ విషయంలో ఆప్తులు కారు. వేరే శాఖకు చెందిన శాస్త్రవేత్త కూడా కాకపోవచ్చు.

(ఉ) ‘పేటెంట్ ఉంది’ అంటే దరఖాస్తు చేశారా, మంజూరైందా? దరఖాస్తు ప్రచురణ ఆమోదం కాదు. సుస్థిరమైన ప్రకృతి నియమాలకు విరుద్ధమైన వాదనలు ఆవిష్కరణలే కావని 1970 పేటెంట్ల చట్టం 3వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది.

(ఊ) రోడ్డు మీదకు రావడానికి ఆమోదం ఉన్నదా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత షరతులకు లోబడకుండా వాహనాన్ని మార్చడం చెల్లదు.

9. ముగింపు:

వాదన ఎంత అసాధారణమైనదో రుజువు కూడా అంత బలంగా ఉండాలన్న సూత్రాన్ని ఆధునిక శాస్త్రం తరచు చెప్పుకుంటుంది. ప్రమాణం లేనిదే ప్రమేయం సిద్ధించదన్న న్యాయశాస్త్ర సంప్రదాయానికి ఇది పరాయిది కాదు. ప్రత్యక్షాన్ని అనుమానంతో సరిచూసుకోవడం, శబ్దాన్ని ఆప్తత్వంతో తూచడం మన తర్కానికి తెలిసిన పద్ధతులే.

సందేహం ఆవిష్కరణకు శత్రువు కాదు. మూలికా పెట్రోల్ విక్రయ హక్కుల కోసం డబ్బు కట్టినవారికి, అడవి ఆముదం నాటి ఎదురుచూసిన రైతుకు సకాలంలో అందవలసినది ఆ సందేహమే. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51(ఎ) అధికరణం నిర్దేశిస్తున్నది. నీటి కారు తయారుచేస్తానని వచ్చిన విద్యార్థిని నిరుత్సాహపరచి పంపడం కంటే, లీటరు నీటిలో ఎన్ని యూనిట్లున్నాయో అతని చేతనే లెక్క వేయించడం ఆ విధిని నెరవేర్చే మార్గం. ఆ లెక్క పూర్తయ్యేసరికి అతని ప్రాజెక్టు మారుతుంది. ఉత్సాహం తగ్గవలసిన అవసరం లేదు.